తెర మీద ఒక ధర... గుమ్మంలో ఇంకో ధర

వేరే దేశం నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వస్తువు ఖరీదులో నాలుగు భాగాలు ఉంటాయి. అమ్మకందారు అడిగే ధర మొదటిది. సరకును మోసుకొచ్చి ఇంటి దగ్గర ఇచ్చినందుకు తీసుకునే రవాణా ఖర్చు రెండోది. సరిహద్దులో ప్రభుత్వం వేసే కస్టమ్స్ సుంకం, దాని మీద పన్ను మూడోది. ఆ సుంకం కట్టి, కాగితాలు పూర్తిచేసి పెట్టెను బయటికి తెచ్చినందుకు కొరియర్ కంపెనీ వసూలు చేసే రుసుము నాలుగోది. తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటిది ఒక్కటే. రవాణా ఖర్చు డబ్బు కట్టే పేజీకి వెళ్లాక తెలుస్తుంది. సుంకం, రుసుము మాత్రం చాలాసార్లు పెట్టె దేశంలోకి వచ్చి కస్టమ్స్ దగ్గర ఆగాకే బయటపడతాయి.

పదివేల రూపాయల వస్తువుకు చివరికి పాతిక వేల దాకా కట్టాల్సి వచ్చిందని వాపోయేవాళ్లు మోసపోయామనే అనుకుంటారు. చాలా సందర్భాల్లో అక్కడ మోసమేమీ ఉండదు. ప్రతి రూపాయికీ ఒక చట్టమో ఒక ధరల పట్టికో ఆధారంగా ఉంటుంది. ఆ లెక్క ముందే చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు సమస్య. ఆర్డరు పెట్టకముందే ఎవరైనా కాగితం మీద వేసుకోగలిగిన లెక్క ఇది.

తూకం ఒకటి, కొలత ఒకటి

రవాణా ఖర్చు బరువును బట్టి ఉంటుందని అందరికీ తెలుసు. అయితే కొరియర్ కంపెనీలు రెండు బరువులు చూస్తాయి. మొదటిది కాటా మీద తూగే బరువు. రెండోది పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువు. దీన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని 5,000తో భాగిస్తే ఈ బరువు కిలోల్లో వస్తుంది. పెద్ద అంతర్జాతీయ కొరియర్లు ఎక్కువగా వాడే భాగహారం ఇదే. రెండు బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు.

అన్ని వైపులా 40 సెంటీమీటర్లున్న పెట్టెను తీసుకుంటే గుణించగా 64,000 వస్తుంది. 5,000తో భాగిస్తే 12.8 కిలోలు. లోపల ఉన్నవి ఆరు కిలోల దిండ్లో, బొమ్మలో, అప్పడాల కట్టలో అయినా ఛార్జీ దాదాపు 13 కిలోలకు పడుతుంది. విమానంలో బరువుకు ఎంత విలువో చోటుకూ అంతే విలువ. కాబట్టి తేలికగా ఉండి ఎక్కువ చోటు తినే వస్తువుల విషయంలో పెట్టె సైజు తగ్గించమని అమ్మకందారును అడగడం వల్ల నిజంగానే డబ్బు మిగులుతుంది. పుస్తకాలు, ఇనుప పనిముట్ల వంటి బరువైన చిన్న వస్తువులకు ఈ బాధ లేదు. వాటికి కాటా బరువే లెక్క.

రాసిన రేటు మీద ఇంధన సర్‌ఛార్జి ఉంటుంది. కొరియర్ సిబ్బంది తరచూ వెళ్లని దూరపు పిన్‌కోడ్‌లకు అదనపు డెలివరీ రుసుము ఉంటుంది. హైదరాబాద్ చిరునామాకు కనిపించిన రేటే మారుమూల మండలంలోని ఊరికి వర్తిస్తుందని అనుకోకూడదు.

పోస్టు ఎందుకు చౌక

అదే వస్తువు పోస్టులో వస్తే కొరియర్ ఛార్జీలో చిన్న భాగానికే చేరడం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. దీని వెనక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు కలిసి అంతర్జాతీయ తపాలా సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. భారతదేశం 1876లో అందులో చేరింది. పంపే దేశం స్టాంపుల డబ్బు ఉంచుకుంటుంది, అందుకునే దేశం ఉచితంగా పంచిపెడుతుంది అన్నది మొదటి పద్ధతి. వెళ్లే ఉత్తరానికి జవాబు కూడా వస్తుంది కాబట్టి రెండు వైపులా సరిపోతుందని ఆనాటివాళ్లు భావించారు.

కాలక్రమంలో కొన్ని దేశాలకు వెళ్లేవి తక్కువ, వచ్చేవి ఎక్కువ అయ్యాయి. దాంతో 1969లో టోక్యో మహాసభలో పంపే దేశం అందుకునే దేశానికి పంపిణీ ఖర్చు చెల్లించాలని తీర్మానించారు. టెర్మినల్ డ్యూస్ అని పిలిచే ఈ చెల్లింపుల్లో అభివృద్ధి చెందుతున్న దేశాలకు తక్కువ రేట్లు పెట్టారు. రెండు కిలోల లోపు చిన్న పొట్లాలు కూడా ఉత్తరాల కోవలోకే వచ్చేవి. ఆన్‌లైన్ వ్యాపారం పుంజుకున్నాక ఈ ఏర్పాటు చైనా అమ్మకందారులకు బాగా కలిసొచ్చింది. చైనా నుంచి అమెరికాకు పొట్లం పంపే ఖర్చు కొన్నిసార్లు అమెరికాలోనే ఒక ఊరి నుంచి మరో ఊరికి పంపే ఖర్చు కంటే తక్కువైంది.

అమెరికా వ్యాపారులు ఏళ్ల తరబడి దీనిపై మొరపెట్టుకున్నారు. 2018 అక్టోబరులో అమెరికా ఏకంగా సంఘం నుంచి తప్పుకుంటానని నోటీసు ఇచ్చింది. 2019 సెప్టెంబరులో జెనీవాలో ప్రత్యేక మహాసభ పెట్టి రాజీ కుదుర్చుకున్నారు. దాని ప్రకారం పంపిణీ రేట్లను తామే ప్రకటించుకునే వెసులుబాటు అమెరికాకు 2020 జులై నుంచి, మిగతా దేశాలకు ఆ తరవాత దశలవారీగా వచ్చింది. రెండు డాలర్ల వస్తువు ఉచిత రవాణాతో ఖండాలు దాటిన రోజులు పోవడానికి ఇదొక పెద్ద కారణం. ‘ఫ్రీ షిప్పింగ్’ అన్న మాట ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఖర్చు మాయం కాలేదు, వస్తువు ధరలో కలిసింది.

సుంకం దేని మీద పడుతుంది

కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీదే వేస్తారన్నది చాలామందికి ఉన్న పొరపాటు అభిప్రాయం. భారతదేశంలో అది వస్తువు ధర, రవాణా, బీమా మూడూ కలిపిన మొత్తం మీద పడుతుంది. 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ధారణ నియమాలు ఇందుకు ఆధారం. రవాణా ఖర్చు ఎంతో తెలియకపోతే వస్తువు ధరలో 20 శాతాన్ని రవాణాగా లెక్కిస్తారు. బీమా తెలియకపోతే 1.125 శాతం కలుపుతారు. విమానంలో వచ్చిన సరకుకు కొనేవాళ్ల వైపు ఒక రక్షణ కూడా ఉంది. అసలు రవాణా ఖర్చు ఎంత ఎక్కువైనా, విలువలో కలిపేది వస్తువు ధరలో 20 శాతాన్ని మించకూడదు. సామాన్యులకు ఎంతో మేలు చేసే ఈ నిబంధన గురించి తెలిసినవాళ్లు తక్కువ.

ఇన్వాయిస్‌లో వస్తువు ధర, రవాణా విడివిడిగా రాయించుకోవడం ఇందుకే ముఖ్యం. రవాణా ధరలోనే కలిసి ఉంటే ఆ మాట బిల్లు మీద స్పష్టంగా ఉండాలి. లేకపోతే కలిసిపోయిన రవాణాపై మళ్లీ 20 శాతం చేరే ప్రమాదం ఉంది. డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు బ్యాంకు కార్డుపై వేసిన రేటు చూడరు. కస్టమ్స్ శాఖకు వర్తించే అధికారిక మారక రేటునే వాడతారు.

ఇక రేట్లు. వ్యాపారం కోసం దిగుమతి చేసేవాళ్లకు ప్రతి వస్తువుకూ దాని రకాన్ని తెలిపే ఒక హెచ్‌ఎస్ కోడ్, దానికో రేటు ఉంటాయి. సొంత వాడకానికి పోస్టులోనో విమానంలోనో తెప్పించుకునే సుంకం వర్తించే సరకులన్నింటికీ కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అనే ఒకే శీర్షిక ఉంది. చాలా ఏళ్లపాటు ఈ శీర్షిక కింద మూల సుంకం 35 శాతం. ఆ సుంకంపై పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, అంటే 3.5 శాతం. సరకు విలువకు ఈ రెండూ కలిపాక వచ్చే మొత్తంపై 28 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతిపై పడే జీఎస్టీ. పన్ను మీద పన్ను పడటంతో మొత్తం భారం 77.28 శాతానికి చేరేది.

లెక్క వేస్తే తీవ్రత తెలుస్తుంది. పదివేల రూపాయల వస్తువు, కొరియర్ ఛార్జీ 3,500 అనుకుంటే, విలువలో కలిపే రవాణా 20 శాతం పరిమితి ప్రకారం 2,000. బీమా 112 రూపాయల 50 పైసలు. సుంకం వేయాల్సిన విలువ 12,112 రూపాయల 50 పైసలు. దానిపై 77.28 శాతం అంటే 9,360 రూపాయలు. కొరియర్ రుసుము కలపకముందే ఆ వస్తువు 22,860 రూపాయలకు చేరింది. సొంతానికి ఒక వస్తువు తెప్పించుకున్న విద్యార్థిపైనా, ఉద్యోగిపైనా ఈ భారం అన్యాయమైనదే. ఇక్కడ దొరకని పరికరం విడిభాగం కోసం, పరిశోధనకు కావలసిన చిన్న వస్తువు కోసం ఆర్డరు పెట్టినవాళ్లకూ ఇదే రేటు పడేది.

ఆ భారం ఈమధ్య తగ్గింది. 2025 బడ్జెట్‌లో కేంద్రం ఏడు సుంకం శ్లాబులను తీసేసినప్పుడు 35 శాతం కూడా పోయి, ఈ శీర్షిక మూల రేటు 20 శాతానికి వచ్చింది. 2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జీఎస్టీ సంస్కరణలతో 28 శాతం శ్లాబు తొలగి, సొంత వాడకపు సరకులపై ఐజీఎస్టీ 18 శాతమైంది. 2026 బడ్జెట్‌లో మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. సర్‌ఛార్జిని పక్కనపెట్టి 10 శాతం సుంకం, 18 శాతం ఐజీఎస్టీ మాత్రమే లెక్కిస్తే భారం 29.8 శాతం. పై ఉదాహరణలో 9,360 కట్టాల్సిన చోట 3,610 సరిపోతుంది. సామాన్య కొనుగోలుదారుకు ఇది నిజమైన ఊరట. అయితే సుంకం రేట్లు బడ్జెట్‌తోనే కాక నోటిఫికేషన్లతోనూ మారుతుంటాయి. ఆర్డరు పెట్టే రోజున ఉన్న రేటును కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది.

సుంకం కడితే ఏదైనా వస్తుందనుకోవడం కూడా తప్పే. ఈ-సిగరెట్లను 2019 చట్టం పూర్తిగా నిషేధించింది. డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది. విత్తనాలు, మొక్కలకు క్వారంటైన్ అనుమతి కావాలి. వైర్‌లెస్ పరికరాలకు టెలికాం శాఖ ఆమోదం అవసరమవుతుంది. ఇలాంటివి ఆగిపోతే వస్తువూ రాదు, రవాణా డబ్బూ తిరిగి రాదు.

‘గిఫ్ట్’ అని రాస్తే?

పెట్టె మీద గిఫ్ట్ అని రాయించుకుంటే సుంకం పడదన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. ఒకప్పుడు అందులో నిజం ఉండేది. 5 వేల రూపాయల లోపు బహుమతులకు సుంకం మినహాయింపు ఉన్న కాలంలో విదేశీ ఈ-కామర్స్ సంస్థలు కొన్ని అమ్మిన సరకును కూడా బహుమతులుగా రాసి లక్షల పొట్లాలు దేశంలోకి పంపాయి. సుంకం కట్టి సరకు తెచ్చుకునే ఇక్కడి చిన్న వ్యాపారులు దెబ్బతిన్నారు. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ కార్యాలయం నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ-కామర్స్ సైట్లలో కొన్నవాటితో సహా, పోస్టులో గానీ కొరియర్‌లో గానీ బహుమతి పేరుతో సుంకం లేకుండా సరకు రావడాన్ని నిషేధించింది. ప్రాణాధార మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు మిగిలింది. రాఖీతో పాటు పంపే ఇతర కానుకలకు అదీ లేదు. పూర్తి సుంకం కట్టి బహుమతి తెప్పించుకోవడానికి ఏ అడ్డూ లేదు.

కాబట్టి కొన్న వస్తువుపై గిఫ్ట్ అని రాయమనడం, ధర తగ్గించి చూపమనడం మేలు చేసే పనులు కావు. రాసిన ధరపై అనుమానం వస్తే అధికారులు దాన్ని పక్కనపెట్టి తామే విలువ కడతారు. తప్పు ప్రకటనకు 1962 కస్టమ్స్ చట్టం కింద సరకు జప్తు, జరిమానా రెండూ ఉన్నాయి. పెట్టె దారిలో పోతే బీమా వచ్చేది కూడా రాసిన విలువకే.

ఎవరు కడతారు, ఎప్పుడు కడతారు

అంతర్జాతీయ అమ్మకాల్లో రెండు పద్ధతులు ఉన్నాయి. సుంకం, పన్ను అన్నీ అమ్మకందారే ముందుగా వసూలు చేసి కట్టే పద్ధతిని డీడీపీ అంటారు. సుంకం కొనేవాళ్లకు వదిలేసే పద్ధతిని డీఏపీ అంటారు. పాత పేరుతో డీడీయూ అనేవాళ్లూ ఉన్నారు. ఆర్డరు పేజీలో ‘సుంకాలు కలిపి’ అన్న మాట కనిపించకపోతే అది డీఏపీ అనుకోవడమే క్షేమం. డీడీపీలో ధర ఎక్కువ కనిపిస్తుంది. కానీ ఆ తరవాత అడిగేది ఉండదు. మొదటిసారి కొనేవాళ్లకు అదే మంచిది.

డీఏపీ పద్ధతిలో కొరియర్ కంపెనీ కస్టమ్స్‌కు సుంకం తన చేతి నుంచి కట్టి, తరవాత కొనేవాళ్ల దగ్గర వసూలు చేస్తుంది. ఈ సేవకు రుసుము తీసుకుంటుంది. చాలా కంపెనీలు దాన్ని సుంకంలో ఇంత శాతం లేదా కనీసం ఇంత, రెండింటిలో ఏది ఎక్కువైతే అది అని పెడతాయి. దానిపై జీఎస్టీ అదనం. చిన్న పొట్లాలకు ఈ కనీస రుసుమే పెద్ద దెబ్బ. రెండు వందల సుంకం పడిన పొట్లానికి అంతకు మించిన రుసుము కట్టే సందర్భాలూ ఉంటాయి. ఒకే అమ్మకందారు దగ్గర మూడు వస్తువులు కొనేటప్పుడు విడివిడిగా కాకుండా ఒకే పెట్టెలో పంపమంటే ఈ రుసుము ఒక్కసారితో పోతుంది.

పోస్టు దారి వేరు. విదేశీ పార్సిళ్లు ముంబయి, దిల్లీ, కోల్‌కతా, చెన్నై, కోచి వంటి చోట్ల ఉన్న ఫారిన్ పోస్టాఫీసులకు చేరతాయి. అక్కడ కస్టమ్స్ అధికారులు చూసి సుంకం నిర్ణయిస్తారు. పోస్ట్‌మ్యాన్ పార్సిల్ ఇచ్చేటప్పుడు ఆ సొమ్ము వసూలు చేస్తాడు. రుసుము తక్కువ. కానీ రోజులు పడతాయి, పెట్టె ఎక్కడుందో చెప్పే ట్రాకింగ్ కూడా కొరియర్ అంత స్పష్టంగా ఉండదు. కొరియర్‌లో వచ్చేవాటికి ఆధార్, పాస్‌పోర్టు వంటి గుర్తింపు పత్రం అడుగుతారు. పార్సిల్ మీది పేరు, పత్రంలోని పేరు ఒకటే కావాలి. ఇంటిపేరు ముందో వెనకో అన్న తేడాతోనే తెలుగువాళ్ల పార్సిళ్లు ఆగే అవకాశం ఉంది. ఆర్డరు పెట్టేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు పేరు రాస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది.

కార్డుతో చెల్లిస్తే ఇంకో చిన్న ఖర్చు ఉంటుంది. విదేశీ కరెన్సీలో జరిగిన లావాదేవీపై బ్యాంకులు మామూలుగా రెండు నుంచి మూడున్నర శాతం దాకా మార్కప్ తీసుకుంటాయి. దానిపై 18 శాతం జీఎస్టీ. సైటు ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడిగితే ఒప్పుకొనే ముందు ఆ మారక రేటు చూడాలి. సాధారణంగా అది బ్యాంకు రేటు కంటే ఖరీదైనది.

తలుపులు మూసుకుంటున్న దేశాలు

చిన్న పార్సిళ్లకు సుంకం వదిలేయడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. వసూలు చేయడానికి అయ్యే ఖర్చు వచ్చే సుంకం కంటే ఎక్కువ అన్నది దానికి కారణం. కొన్న సరకుకు అలాంటి పరిమితి భారతదేశంలో లేదు. అమెరికా 1938లో ఒక్క డాలరుతో మొదలుపెట్టి, 1993లో 200 డాలర్లకు, 2016లో 800 డాలర్లకు పెంచింది. దాంతో వరద మొదలైంది. అమెరికా కస్టమ్స్ లెక్కల ప్రకారం 2024 ఆర్థిక సంవత్సరంలో ఈ మినహాయింపు కింద 136 కోట్ల పార్సిళ్లు వచ్చాయి. వాటిలో సగానికి పైగా చైనావే.

2025 మే 2న చైనా, హాంకాంగ్ సరకులకు అమెరికా ఈ మినహాయింపు తీసేసింది. ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ తీసేసింది. సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలక ముందే గడువు వచ్చేసింది. 88 తపాలా సంస్థలు అమెరికాకు సేవలను పూర్తిగానో కొంతగానో ఆపేశాయి. మొదటి రోజున అమెరికాకు వెళ్లే తపాలా అంతకుముందు వారంతో పోలిస్తే 80 శాతానికి పైగా పడిపోయిందని అంతర్జాతీయ తపాలా సంఘం ప్రకటించింది. ఆ తరవాత సుంకాల రేట్లు మారినా 800 డాలర్ల మినహాయింపు తిరిగి రాలేదు. 2027 జులై 1 నుంచి అది చట్టం నుంచే తొలగిపోతుంది.

ఐరోపాదీ ఇదే దారి. 22 యూరోల లోపు సరకుకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1న ఎత్తేశారు. 150 యూరోల లోపు సుంకం మినహాయింపు మాత్రం కొనసాగింది. 2024లో ఐరోపా సమాఖ్యలోకి ఇలాంటి పొట్లాలు 460 కోట్లు వచ్చాయి. అందులో 91 శాతం చైనా నుంచే. దాంతో 2026 జులై 1 నుంచి ఒక్కో రకం వస్తువుకు మూడు యూరోల చొప్పున సుంకం వేయాలని సభ్యదేశాలు 2025 డిసెంబరులో ఒప్పుకొన్నాయి. బ్రిటన్ 135 పౌండ్ల లోపు సుంకం మినహాయింపును 2029 మార్చి కల్లా తీసేస్తామని చెప్పింది. ఆస్ట్రేలియా 2018 జులై నుంచే 1,000 ఆస్ట్రేలియా డాలర్ల లోపు సరకుపై 10 శాతం జీఎస్టీని అమ్మే సైటు దగ్గరే వసూలు చేస్తోంది. వీటన్నింటిలో ఆస్ట్రేలియా పద్ధతే మెరుగైనది. కొనేటప్పుడే పన్ను తెలిసిపోతుంది, గుమ్మం దగ్గర పేచీ ఉండదు.

ఆవకాయ ప్రయాణం

తెలుగు ఇళ్లకు ఈ మార్పుల సెగ ముందుగా తగిలింది పచ్చళ్లు, పిండివంటల పార్సిళ్ల ద్వారానే. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, రాజమహేంద్రవరం వంటి ఊళ్లలో అమెరికాకు ఆవకాయ, గోంగూర, అరిసెలు, కారప్పొడులు పంపిపెట్టే కొరియర్ దుకాణాలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుని పచ్చళ్లు పంపే ఇంటి వ్యాపారాలూ ఉన్నాయి. వాటిలో చాలావరకు మహిళలు నడుపుతున్నవే.

2025 ఆగస్టు 7న భారత సరకులపై 25 శాతం అదనపు సుంకం, 27న మరో 25 శాతం పడ్డాయి. రెండు రోజుల తరవాత 800 డాలర్ల మినహాయింపు పోయింది. భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అమెరికాకు పార్సిళ్లు ఆపి, మొదట ఉత్తరాలు, 100 డాలర్ల లోపు బహుమతులు మాత్రం తీసుకుంది. తరవాత అవీ ఆగాయి. అక్టోబరు 15న సేవలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి పద్ధతి మారింది. అమెరికాలో పడే సుంకాన్ని పంపేవాళ్లే ఇక్కడి పోస్టాఫీసులో ముందుగా కట్టాలి. అప్పటి రేటు ప్రకటించిన విలువలో 50 శాతం. ఆ సుంకం రేట్లు తరవాత మారాయి. ముందుగా కట్టించుకునే పద్ధతి మాత్రం పంపేవాళ్లకు, అందుకునేవాళ్లకు ఇద్దరికీ స్పష్టత ఇచ్చింది.

తల్లిదండ్రులు పిల్లలకు పంపుకొనే పార్సిళ్లకు ఒక వెసులుబాటు మిగిలి ఉంది. ఒక వ్యక్తి మరో వ్యక్తికి డబ్బు తీసుకోకుండా పంపే 100 డాలర్ల లోపు బహుమతికి అమెరికాలో సుంకం లేదు. దుకాణం అమ్మి పంపిన పచ్చడి బహుమతి కాదు. ఆహార పదార్థాలకు అక్కడి ఆహార, ఔషధ సంస్థకు ముందస్తు సమాచారం ఇవ్వాలన్న నియమం ఇంకొకటి ఉంది. ఇంట్లో తామే వండి తామే కానుకగా పంపినవాటికి అది వర్తించదు. దుకాణంలో కొన్నవాటికి, కానుకగా పంపినా, వర్తిస్తుంది. మాంసం పచ్చళ్లను అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనలు అడ్డుకుంటాయి. కోడి, మటన్ పచ్చడిని కూరగాయ పచ్చడిగా రాసి పంపితే పార్సిల్ మొత్తం పోయే ప్రమాదం ఉంది.

ఐరోపా, బ్రిటన్‌లలో చదువుకునే పిల్లలకు పంపేవాళ్లు వేరే అంకెలు గుర్తుంచుకోవాలి. వ్యక్తుల మధ్య కానుకలకు ఐరోపా సమాఖ్యలో 45 యూరోల దాకా, బ్రిటన్‌లో 39 పౌండ్ల దాకా సుంకం, పన్ను ఉండవు. ఆ విలువ దాటితే అందుకునే పిల్లలే కట్టుకోవాల్సి వస్తుంది. నెలాఖరు డబ్బు లెక్కపెట్టుకునే విద్యార్థికి అమ్మ పంపిన పెట్టె బిల్లుతో రావడం బాధాకరం. పంపేముందు విలువ చూసి పెట్టెను రెండుగా వేర్వేరు రోజుల్లో పంపడమో, సుంకం ముందే కట్టడమో చేయాలి.

వస్తువు పాడై వస్తే

సరిహద్దు దాటిన కొనుగోలులో అన్నింటికంటే కష్టమైనది తిప్పి పంపడం. వెనక్కి పంపే రవాణా ఖర్చు చాలాసార్లు వస్తువు ధరకు దగ్గరగా ఉంటుంది. కట్టిన సుంకం దానంతట అది తిరిగి రాదు. కస్టమ్స్ చట్టం 26ఏ సెక్షను ఒక దారి చూపుతోంది. వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, ఒప్పుకొన్న విధంగా లేకపోయినా, వాడకుండా 30 రోజుల్లోగా తిరిగి ఎగుమతి చేస్తే లేదా కస్టమ్స్‌కే వదిలేస్తే సుంకం వాపసు అడగవచ్చు. ఈ గడువును కమిషనర్ పెంచవచ్చు. వెయ్యి రూపాయల సుంకం కోసం ఇంత తిరగడం చాలామందికి సాధ్యం కాదు. అయినా ఖరీదైన వస్తువు విషయంలో ఈ సెక్షను తెలిసి ఉండటం మేలు.

కస్టమ్స్ భయాన్ని వాడుకునే మోసగాళ్లు మరో ప్రమాదం. ‘మీ పేర పార్సిల్ వచ్చింది, అందులో మత్తుమందులు దొరికాయి, సుంకం కట్టకపోతే అరెస్టు’ అని ఫోన్ చేసి తెలుగు రాష్ట్రాల్లోనూ ఎందరి జీవితకాలపు పొదుపునో దోచుకున్నారు. కస్టమ్స్ అధికారులు ఫోన్ చేసి వ్యక్తిగత ఖాతాలో డబ్బు వేయమని అడగరు. ఆ శాఖ నుంచి వచ్చే లేఖపై డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. అనుమానం వస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చట్టం ఇచ్చిన హక్కు

2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు ఈ మొత్తం వ్యవహారంలో కొనేవాళ్ల చేతిలోని గట్టి ఆయుధం. వస్తువు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి, డెలివరీ, పోస్టేజి, నిర్వహణ ఛార్జీలు, వర్తించే పన్ను విడివిడిగా తెలపాలి అని అవి చెబుతున్నాయి. భారతదేశంలో కార్యాలయం లేకున్నా ఇక్కడి వినియోగదారులకు క్రమపద్ధతిలో సరకు అమ్మే విదేశీ సంస్థలకూ ఈ నియమాలు వర్తిస్తాయి. అయినా చాలా విదేశీ సైట్లలో ‘దిగుమతి సుంకాలు కొనుగోలుదారు బాధ్యత’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. సుంకం రేట్లు అందరికీ అందుబాటులో ఉన్న ఈ రోజుల్లో పిన్‌కోడ్, వస్తువు తెలిసిన సైటుకు ఆ లెక్క వేసి చూపడం పెద్ద పని కాదు. పెద్ద సంస్థలు కొన్ని ఇప్పటికే ఆర్డరు పేజీలో సుంకం అంచనా వేసి, ముందే వసూలు చేసి, తక్కువ పడితే మిగిలింది వెనక్కి ఇస్తున్నాయి. ఆ పద్ధతిని మిగతా సంస్థల చేత కూడా పాటింపజేయాల్సింది ప్రభుత్వమే. పూర్తి ఖరీదు చూపకుండా అమ్మిన సైటుపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఆర్డరు పేజీ, బిల్లు, సుంకం రసీదు కాపీలు దగ్గర ఉంచుకోవాలి.